డిసెంబరు కచేరీలు: ఒకప్పుడు మృదంగం వాయించినవాడి అనుభవం

చెన్నై డిసెంబరు కర్ణాటక సంగీత కచేరీల గురించి మనవాళ్లు రాసేవాటిలో రెండు రకాలే ఎక్కువ కనిపిస్తాయి. ఫలానా విద్వాంసుడు ఫలానా రాగం అద్భుతంగా పాడారని ఒకటి, ఫలానా సభ (కచేరీలు పెట్టే సంస్థ) క్యాంటీన్‌లో హల్వా బాగుందని ఇంకొకటి. నేను చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. ఒకప్పుడు మృదంగం వాయించి, తర్వాత ఉద్యోగంలో పడి ఆపేసినవాణ్ని కాబట్టి నేను వెతుక్కునేది వేరు, నాకు నచ్చేదీ నచ్చనిదీ వేరు. సంగీతం నేర్చుకుని, నాలుగు కచేరీలు చేసి, ఏదో కారణంతో వదిలేసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇది వాళ్ల కోసం. ముందే చెప్పేస్తున్నా, తప్పకుండా వెళ్లండి. అప్పట్లో మీ పక్కన కూర్చుని పాడినవాళ్లనూ వాయించినవాళ్లనూ కూడా లాక్కెళ్లండి, అసలు సంతోషం అక్కడే ఉంది.

నేను చదువుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో మొదలైన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అది వయొలిన్ ఊరు, మృదంగం క్లాసులో ఉన్నా మా చెవుల నిండా వయొలినే ఉండేది. చదువయ్యాక ఆకాశవాణిలో బి గ్రేడ్ వచ్చింది, శ్రీరామనవమి పందిళ్లలో, గుళ్లలో, ఆరాధనోత్సవాల్లో కొన్నేళ్లు బాగానే వాయించాను. తర్వాత బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు. తోలు వాద్యం రోజూ చెయ్యి పడకపోతే ఊరుకోదు, మూతలు మార్పించడానికి మా ఊళ్లో మనిషే దొరికేవాడు కాదు. అలా ఆగిపోయింది. పాట మాత్రం వింటూనే ఉన్నాను, ముందు క్యాసెట్లలో, తర్వాత యూట్యూబ్‌లో.

రికార్డింగ్ వినడానికీ ఎదురుగా కూర్చోవడానికీ ఎంత తేడానో వాయించినవాడికే బాగా తెలుస్తుంది. పాట ఎత్తుకునే ముందు మృదంగం ఆయన గాయకుడి నోరు చూస్తాడు, చెయ్యి చూస్తాడు, ఎత్తుగడ, అంటే పాట మొదలయ్యే చోటు, తాళం మొదటి దెబ్బ మీదా (సమమా), అర అక్షరం తర్వాతా అన్నది ఆ ఒక్క క్షణంలో పట్టుకోవాలి. అది రికార్డింగులో వినపడదు. కోవిడ్ వల్ల 2020లో కచేరీలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే పెట్టారు, శ్రద్ధగా చూశాను, పాట లోపమేమీ లేదు. కానీ ఖాళీ హాల్లో వాయిస్తుంటే "భళా" అనేవాళ్లెవరూ లేరు, ఆ వాయించేవాళ్ల మొహాల్లోనే అది కనిపించింది. మరుసటి ఏడాది మళ్లీ హాల్లో కూర్చుని తంబురా శ్రుతి విన్నప్పుడు కళ్లు చెమర్చాయి.

కొత్తగా వెళ్లేవాళ్లకు పద్ధతి కొంచెం చెబుతాను. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభతో పాటు సంగీత సదస్సు కూడా జరిగింది, దాన్నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది, డిసెంబరులో పండగలా కచేరీలు చెయ్యడం అలా స్థిరపడింది. ఇప్పుడు నెల మధ్య నుంచి జనవరి ఒకటి దాకా అకాడమీలో, ఆ చుట్టుపక్కల నారద గాన సభ, టి నగర్‌లో కృష్ణ గాన సభ, వాణీ మహల్, మైలాపూర్‌లో భారతీయ విద్యాభవన్, ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి సభ, ఇలా ఊరంతా రోజంతా కచేరీలే. అకాడమీలో పొద్దున సోదాహరణ ప్రసంగాలు ఉంటాయి, వాద్యం తెలిసినవాళ్లు వాటిని అస్సలు వదలొద్దు. మధ్యాహ్నం కుర్రవాళ్లు, ఆ తర్వాత కాస్త పేరు వచ్చినవాళ్లు, సాయంత్రం పెద్దవాళ్లు. సాయంత్రం వాటికి టికెట్ ఉంటుంది, పెద్ద పేర్లకైతే తొందరగా అయిపోతాయి. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఉచితమే.

నా ఓటు మధ్యాహ్నానికే. సాయంత్రం కచేరీ బాగుండదని కాదు, రెండున్నర గంటల పాటు ఒక పెద్ద విద్వాంసుడు వర్ణంతో మొదలుపెట్టి రాగం తానం పల్లవి దాకా తీసుకెళ్తే అది వేరే అనుభవం, కాదనను. కానీ మధ్యాహ్నం వచ్చే ఇరవై ఏళ్ల పిల్లలు ఆ అవకాశం కోసం ఏడాదంతా ఎదురుచూసి వస్తారు, ఒక్క ఆవర్తం (తాళం ఒక చుట్టు) కూడా వృథా చెయ్యరు. ఆకలి ఉన్న సంగీతం అది. హాలు సగం ఖాళీగా ఉంటుంది కాబట్టి మనకు కావలసిన చోట కూర్చోవచ్చు కూడా.

ఎక్కడ కూర్చోవాలన్నది లయ వాద్యం వాళ్లకు ముఖ్యమైన సంగతి. మృదంగం విద్వాంసుడు సాధారణంగా వేదిక మీద మన ఎడమ పక్కన కూర్చుంటాడు, కుడి మూత మనవైపు తిరిగి ఉంటుంది. అందుకని ఎడమ పక్క మూడో నాలుగో వరసలో కూర్చుంటే చాపు, మీటు అనే కుడిచేతి దెబ్బల్లో చాపు ఎలా పడుతోంది, మీటుకి చూపుడువేలు ఎంత లేస్తోంది అన్నీ కనిపిస్తాయి. ఎడమ మూత మీద పలికే మంద్ర నాదం, గుమికి, మాత్రం అవతలి చేతిలో ఉంటుంది కాబట్టి అది చెవితో పట్టుకోవాల్సిందే. ఎడమచేతి వాటం వాళ్లయితే అటు పక్క కూర్చుంటారు, పాత తరం మృదంగ విద్వాంసుడు పళని సుబ్రమణ్య పిళ్లై అలా ఎడమచేతి వాటంతోనే అంత పేరు తెచ్చుకున్నారు. డిసెంబరులో బయట వాన, లోపల ఏసీ. ఆ తేమకీ చలికీ మూత మాటిమాటికీ శ్రుతి మారుతుంది. రాయి తీసి అంచు మీద నాలుగు దెబ్బలు వేసి తంబురాతో కలుపుకునే ఆ రెండు నిమిషాల్లో మిగతా జనం కబుర్లు చెప్పుకుంటారు, నాకు మాత్రం అది కూడా కచేరీయే.

మా వయొలిన్ మిత్రుడు మళ్లీ దొరికింది అలాంటి ఒక మధ్యాహ్నం కచేరీలోనే. కాలేజీలో నేనూ వాడూ ఒకే గదిలో ఉండేవాళ్లం, కలిసి ఎన్నో కచేరీలు చేశాం, తర్వాత ఎవరి ఊళ్లు వాళ్లవి, ఫోన్ నంబర్లు మారిపోయాయి, అంతే. ఆ రోజు మిశ్రచాపు తాళంలో పాట నడుస్తోంది. నాకు రెండు వరసల ముందు ఒకాయన తాళం వేస్తున్నాడు, అరచెయ్యి తొడ మీద వాలే ముందు చిటికెనవేలు ఒక్కటి విడిగా పైకి లేస్తోంది. ఆ వేలు మీద మా గురువుగారు బెత్తంతో కొట్టిన దెబ్బలు నేను కళ్లారా చూసినవాణ్ని. వెనక నుంచి జుట్టు తెల్లగా ఉంది, భుజాలు వంగాయి, మనిషి గుర్తుపట్టేలా లేడు, కానీ ఆ వేలు వాడిదే. పాట అయ్యేదాకా ఆగి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. తిరిగి చూసి, ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఏట్రా, నువ్వా!" అన్నాడు. ఆ విజయనగరం యాస విని ఎన్నేళ్లయిందో. తర్వాతి పాట ఏమిటో ఇద్దరికీ గుర్తులేదు.

వాడి ద్వారా అక్క దొరికింది. మాకంటే పైతరగతిలో గాత్రం చదివిన ఆవిడ, మేమందరం అక్క అనే పిలిచేవాళ్లం, ఇప్పటికీ అంతే. పెళ్లయ్యాక పాడటం తగ్గించింది, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటుంది, ఇంట్లో పిల్లలకు పాఠం చెబుతుంది. ఆ మరుసటి ఏడాది నుంచి ముగ్గురం కలిసే వెళ్తున్నాం. ఆలాపన మొదటి సంగతి పడగానే అక్క రాగం పేరు చెప్పదు, మా ఇద్దరివైపు చూసి కనుబొమ్మ ఎగరేస్తుంది, మేము చెప్పాలి. భైరవి, కాంభోజి లాంటివైతే పర్లేదు, వివాది రాగం (పొసగని స్వరాలు కలిసే కష్టమైన రాగం) ఏదైనా వస్తే ఇద్దరం బిక్కమొహం వేస్తాం, అప్పుడు చెవిలో చెబుతుంది. "ఒరేయ్, కాలేజీలో కూడా ఇంతేరా మీరు" అని తిట్టి నవ్వుతుంది. ముగ్గురం కూర్చుంటే గాత్రం ఒకరు, వయొలిన్ ఒకరు, లయ ఒకరు వింటున్నట్టుంటుంది, నాకు పట్టుబడనిది వాళ్లు చెబుతారు. నెరవల్‌లో, అంటే పాటలో ఒక్క వాక్యాన్నే రకరకాలుగా పాడేచోట, వయొలిన్ ఎంత ఒదిగి వాయించిందో వాడు చెబితే గానీ నాకు తెలియదు, స్వరకల్పనలో (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాల్లో) వరసను కుదిస్తూ పోయే లెక్క నేను చెబితే గానీ వాళ్లు నమ్మరు.

ఇంకొక ఆనందం భాష. చెన్నై సభలో కూర్చుంటే వచ్చే పాటల్లో చాలా భాగం మన తెలుగే, త్యాగరాజస్వామివి సరేసరి. చుట్టూ ఉన్న తమిళ రసికులు ఆ మాటలు పూర్తిగా అర్థం కాకపోయినా పల్లవి దగ్గర తలలూపుతుంటే మన గుండె పొంగుతుంది. కొందరు యువ గాయకులు మాట ఎక్కడ విరవాలో తెలుసుకుని మరీ పాడుతున్నారు, కొందరు మధ్యలో తెగ్గొడతారు. తెలుగు ఇంటిభాష కాని పిల్లలు అంత సాహిత్యం కంఠస్థం చేసి పాడుతుంటే నాకు వాళ్ల మీద గౌరవమే. మన విజయనగరానికి కూడా ఆ ఊళ్లో గట్టి పేరుంది. అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు ద్వారం వారికి 1941లో, నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో, అవసరాల కన్యాకుమారి గారికి 2016లో వచ్చింది. ముగ్గురూ మా ఊరి సంగీతంతో ముడిపడినవాళ్లే.

ఇక నచ్చనివి. మొదటిది తని ఆవర్తనం, అంటే లయ వాద్యాలు మాత్రమే వాయించే భాగం, అప్పుడు జరిగేది. కచేరీలో మృదంగం, ఘటం వాళ్లకు దొరికేది ఆ పది పదిహేను నిమిషాలే, సరిగ్గా అప్పుడే సగం హాలు లేచి క్యాంటీన్‌కి నడుస్తుంది. ఇది చూసిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. మొన్నొక డిసెంబరులో ఖండచాపు తాళంలో ఒక కుర్రాడు తని మొదలుపెట్టాడు, కుర్చీలు టపటపా లేస్తున్నాయి, అతను తల ఎత్తలేదు. నడక మార్చి తిశ్రంలోకి, అంటే మూడేసి లెక్కలోకి వెళ్లి, వేగంగా సాగే ఫరన్‌లు దాటి, ముగింపుకు ముందు వచ్చే మోహరా వేసి, మూడుసార్లు వాయించి తనిని ముగించే లెక్కల వరస కోర్వ అందుకున్నాడు. మొదటిసారి వాయించగానే లెక్క దొరికింది, రెండోసారికి మా వయొలిన్ వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు, మూడోసారి సరిగ్గా ఎత్తుగడ మీద దిగి గాయకురాలి చేతిలో పాట పెట్టాడు. మిగిలిన కొద్దిమందీ లేచి నిలబడ్డాం. కచేరీ అయ్యాక వెళ్లి కోర్వ లెక్క చెప్పి "ఇదేనా బాబూ?" అని అడిగితే ఆ పిల్లాడి మొహం వెలిగిపోయింది, "మీరు వాయిస్తారా మామా?" అన్నాడు. దయచేసి తని అప్పుడు లేవకండి. కాఫీ పది నిమిషాలు ఆగుతుంది.

రెండోది సౌండ్. ఒక పెద్ద హాల్లో మృదంగం ఎడమ వైపు మైకుకి బేస్ ఎంత పెంచారంటే గుమికి కాస్తా సినిమా డ్రమ్ములా గుభిల్లుమంటోంది, చాపు సున్నితం మొత్తం మింగేసింది, వయొలిన్ ఏమో గీరినట్టుంది. కచేరీ మధ్యలో విద్వాంసులే చెయ్యి ఎత్తి తగ్గించమని సైగ చేస్తే కూడా వినే నాథుడు లేడు. చెవి ఉన్నవాళ్లకు అది శిక్ష. మైలాపూర్, లజ్ వైపు చిన్న హాళ్లలో ఈ బాధ బాగా తక్కువ, నేను ఇప్పుడు పేరు కంటే హాలు చూసుకుని వెళ్తున్నాను. మగ గాయకుల తక్కువ శ్రుతికి (ఒకటి, ఒకటిన్నర) పెద్ద మృదంగం మంద్రంగా మోగుతుంటే చిన్న హాల్లో నేల ద్వారా కాళ్లలోకి తెలుస్తుంది, ఎంత ఖరీదైన స్పీకరూ దాన్ని ఇవ్వలేదు.

తిండికి లోటులేదు. సభల క్యాంటీన్లలో అరటాకు భోజనం, కీరై (ఆకుకూర) వడ, అశోకా హల్వా, ఫిల్టర్ కాఫీ అన్నీ బాగుంటాయి, సెలవు రోజుల్లో వరస మాత్రం పొడుగు. మాకు అసలు కచేరీ తర్వాతి కచేరీ అక్కడే నడుస్తుంది, ఆకు ముందు కూర్చుని అక్క ఆ నెరవల్ మళ్లీ పాడి చూపిస్తుంది, నేను బల్ల మీద వేళ్లతో వాయిస్తాను, పక్కవాళ్లు తినడం ఆపి వింటారు. కిందటిసారి ఒక తమిళ పెద్దాయన వచ్చి మా ముగ్గురికీ కాఫీ ఇప్పించారు.

ఖర్చు విషయానికొస్తే గదులే భారం. డిసెంబరు ఆఖరి వారంలో మైలాపూర్ లాడ్జీలు దొరకవు, దొరికినా రేటు ఎక్కువ, కాబట్టి నవంబరులోనే చూసుకోండి. మెట్రో పనుల వల్ల లజ్ చుట్టూ రోడ్లు తవ్వేసి ఉన్నాయి, సభ నుంచి సభకు వెళ్లడానికి ఆటో కంటే కాళ్లే నయం అనిపించిన రోజులున్నాయి. అందుకే రోజుకు రెండు కచేరీలకంటే పెట్టుకోవద్దు, అంతకుమించి వింటే మూడోది చెవికి ఎక్కదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, అంటే అక్టోబరులో సిద్ధంగా ఉండాలి. నేను విజయవాడలో పొద్దున్నే పినాకినీ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నైలో ఉంటాను. వాడు విశాఖ నుంచి, అక్క హైదరాబాద్ నుంచి ముందు రోజు రాత్రే బయల్దేరి వస్తారు. ఈసారి అక్క తన శిష్యురాల్ని కూడా తెస్తానంది, ఆ అమ్మాయికి మొదటి డిసెంబరు, ఎడమ పక్క మూడో వరసలో నాలుగు కుర్చీలు పట్టే పని నాది.