ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ: ఇప్పుడే కొనాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా?

ముందే చెప్పేస్తున్నా. తక్కువ బడ్జెట్‌లో గ్రాఫిక్స్ కార్డు కోసం చూస్తున్నారు, 16 జీబీ మెమరీ ఉన్నది మీ డబ్బులకి అందుతోంది అంటే ఆగకండి, తీసేసుకోండి. 8 జీబీ వరకే అందుతోంది అంటే మాత్రం కొత్తది వద్దు, సెకండ్‌హ్యాండ్ చూడండి, లేదా ఉన్నదాంతోనే ఇంకొన్నాళ్ళు లాక్కురండి. "కాస్త ఆగితే ఇంతకంటే మంచిది వస్తుంది" అనే సలహా కంప్యూటర్ల విషయంలో ఎప్పుడు విన్నా నిజమే అనిపిస్తుంది కానీ, బడ్జెట్ కార్డుల దగ్గర అది ఈమధ్య పెద్దగా ఫలించింది లేదు.

నేను వాడుతున్నది ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీది. 2025 జూన్‌లో వచ్చిన కార్డు. దీనికి ముందు ఎన్విడియా వాళ్ళ 4 జీబీ జీటీఎక్స్ 1650 ఉండేది, పాపం అది చేయగలిగినంతా చేసింది. మార్చడానికి అసలు కారణం స్పీడ్ కాదు, కొన్ని కొత్త గేములు దాంట్లో మొదలవ్వడానికే ఒప్పుకోకపోవడం. "డూమ్: ది డార్క్ ఏజెస్" లాంటివి రే ట్రేసింగ్ (గేమ్‌లో వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ ఉంటేనే నడుస్తాయి, సెట్టింగ్స్ ఎంత తగ్గించినా లాభం లేదు. ఇంకోపక్క జీటీఎక్స్ 1050, 1060 కాలం నాటి కార్డులకి ఎన్విడియా 2025 అక్టోబర్‌తో గేమ్ డ్రైవర్లు (కొత్త గేములకి తగ్గట్టు కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) ఆపేసింది, 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తుందట. ఆ కార్డులున్నవాళ్ళు ఇంకా ఆగుదామా అని ఆలోచిస్తున్నారంటే, నిజానికి ఇప్పటికే చాలా ఆగారు.

ఇక కార్డు సంగతి. 1080పీ స్క్రీన్ మీద దాదాపు ఏ గేమైనా హై సెట్టింగ్స్‌లో హాయిగా నడుస్తుంది, ఇంకా స్పష్టంగా ఉండే 1440పీలో కూడా చాలావరకు ఫరవాలేదు. కరెంటు 160 వాట్లు, నాకొచ్చిన మోడల్‌కి ఒక్క 8 పిన్ కనెక్టర్ చాలు, పాత పవర్ సప్లై మార్చాల్సిన పని పడలేదు. ఫ్యాన్ల చప్పుడు నాకైతే ఇబ్బందిగా లేదు. ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ నేను డబ్బు పెట్టింది మాత్రం ఆ మెమరీకి.

ఎందుకో చెప్తా. 8 జీబీ కార్డున్న స్నేహితుడి పీసీలో, నా పీసీలో ఒకే గేమ్, ఒకే సెట్టింగ్స్ పెట్టి చూశాం. మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) అంకె చూస్తే ఇద్దరిదీ దాదాపు ఒకటే, అందుకే చాలా రివ్యూల్లో సగటు అంకెలు చూసి 8 జీబీ సరిపోతుంది అనుకుంటాం. కానీ గేమ్‌లో గోడకున్న పోస్టర్ దగ్గరికి నడిస్తే, నా స్క్రీన్ మీద అక్షరాలు చదవొచ్చు, వాడి స్క్రీన్ మీద అలుక్కుపోయినట్టు ఉండి కాసేపటికి గానీ తేరుకోలేదు. చటుక్కున వెనక్కి తిరిగితే ఒక్క క్షణం బొమ్మ ఆగి ముందుకి దూకుతుంది. టెక్స్‌చర్లు (గోడలు, వస్తువుల మీద పరిచే బొమ్మలు) మీడియంకి దించాక ఆ బాధ పోయింది, నిజమే, కానీ కొత్త కార్డు కొన్న రోజునుంచే మీడియంకి దించుకోవడానికా కొన్నది?

కారణం పెద్ద రహస్యమేం కాదు. కార్డులో మెమరీ నిండితే మిగతా డేటా కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి పీసీఐఈ స్లాట్ (మదర్‌బోర్డులో కార్డు గుచ్చే చోటు) మీదుగా రావాలి. ఈ కార్డు సొంత మెమరీ సెకనుకి 320 జీబీ పైగా ఇస్తుంది. స్లాట్ సంగతి చూస్తే, పీసీఐఈ 3.0 ఉన్న పాత మదర్‌బోర్డులో 8 లేన్ల (డేటా నడిచే దారుల) కార్డు పెడితే సెకనుకి 8 జీబీ కూడా రాదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ, ఇంటెల్ ఆర్క్ బీ580 మూడూ 8 లేన్లవే, 9060 ఎక్స్‌టీకి మాత్రం మొత్తం 16 ఉన్నాయి. బడ్జెట్ కార్డు కొనేవాళ్ళ దగ్గరే పాత మదర్‌బోర్డులు ఎక్కువ ఉంటాయి, లేన్లు కోసేసేది కూడా బడ్జెట్ కార్డులకే. ఈ తెలివి ఎవరిదో గానీ!

ఒక చిరాకు కూడా చెప్పాలి. 9060 ఎక్స్‌టీ అనే పేరుతోనే 8 జీబీ కార్డు కూడా ఉంది. ఎన్విడియా కూడా తక్కువ తినలేదు, 5060 టీఐని రెండు రకాలుగా ఒకే పేరుతో అమ్ముతోంది. నేను చూసిన ఒక అమ్మకందారు పేజీలో పైన 16 అని, కింద వివరాల్లో 8 అని ఉంది, అడిగితే జవాబు లేదు. పెట్టె మీద, బిల్లు మీద 16 జీబీ అని కనబడితేనే సీలు తియ్యండి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. బ్లెండర్ లాంటి 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు, ఇంట్లో ఏఐ మోడల్స్ నడుపుకునేవాళ్ళు ఎన్విడియాకే వెళ్ళండి, 5060 టీఐ 16 జీబీ. ఆ పనులకి కావాల్సిన సాఫ్ట్‌వేర్ విషయంలో ఏఎండీ ఇంకా వెనకే. చిన్న బొమ్మని పెద్దది చేసి ఫ్రేములు పెంచే ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్నన్ని గేముల్లో, అలాంటి పనే చేసే ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 4 లేదు, ఉన్నచోట మాత్రం బొమ్మ శుభ్రంగా ఉంది. ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది, మంచి కార్డే, కానీ పాత ప్రాసెసర్‌తో పెడితే చాలా బలం పోతుంది, రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సెట్టింగ్) ఆన్ కాని బోర్డయితే అటువైపు వెళ్ళనే వద్దు. ఆర్‌టీఎక్స్ 5050 గురించి రాయడానికి ఏమీ లేదు.

సరే, ఆగితే ఏమొస్తుంది? ఎన్విడియా మామూలుగా పెద్ద కార్డులతోనే మొదలుపెడుతుంది. 4090 వచ్చింది 2022 అక్టోబర్‌లో, 4060 వచ్చేసరికి 2023 జూన్. 5090 2025 జనవరిలో వస్తే 5060 మే నెలలో వచ్చింది. కాబట్టి కొత్త తరం వచ్చిందని వార్త రాగానే మనకి అందేది ఏమీ ఉండదు, ఇంకొన్ని నెలలు గుమ్మం దగ్గర నిలబడాల్సిందే. పోనీ ఆగి ఆగి వచ్చాక అయినా బాగుంటుందా అంటే, 2021 ఫిబ్రవరిలో వచ్చిన 3060కి 12 జీబీ ఉంటే, రెండేళ్ళ తర్వాత వచ్చిన 4060కి 8 జీబీ ఇచ్చారు. మళ్ళీ రెండేళ్ళకి 5060, మళ్ళీ అదే 8. "సూపర్" అనే పేరుతో కొత్త కార్డులు వస్తాయట, మెమరీ పెంచుతారట అని తిరిగే పుకార్లంటారా, అదిగో పులి అంటే ఇదిగో తోక. కంపెనీ నోటి నుంచి వచ్చేదాకా లెక్కలోకి తీసుకోకండి.

ఆగినవాళ్ళు గెలిచిన సందర్భం ఒకటుంది, కాదనను. 2021లో క్రిప్టో మైనింగ్ వాళ్ళు కార్డులు ఊడ్చుకుపోతుంటే మొండిగా ఆగినవాళ్ళకి 2022లో కలిసొచ్చింది. ఆ సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది, వాడిన కార్డులు కుప్పలుగా బయటికొచ్చాయి. ఇప్పుడు అలా ఒక తేదీతో తేలిపోయే వ్యవహారం కాదు. 2025 రెండో సగం నుంచి మెమరీ చిప్స్ ధరలు పెరిగాయి, ఎందుకంటే ఏఐ డేటా సెంటర్లకి ఎంత మెమరీ చేసినా చాలట్లేదు, చేసేవి ముఖ్యంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడే. ఆ మైక్రాన్ కూడా 2025 డిసెంబర్‌లో మనలాంటివాళ్ళకి అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం మూసేస్తున్నానని చెప్పేసింది. కొత్త ఫ్యాక్టరీ కట్టి చిప్స్ తీయాలంటే ఏళ్ళు పడుతుంది. ఇలాంటప్పుడు ధర పెంచాల్సిన ఒత్తిడి ఎక్కువ పడేది ఎక్కువ మెమరీ ఉన్న చవక కార్డుల మీదే, అంటే సరిగ్గా నేను కొనమంటున్నవాటి మీద.

అయినా కొందరు ఆగాల్సిందే. ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి తేలికపాటి గేములు మాత్రమే అయితే ఈ గొడవంతా మీకెందుకు. నాలుగు కోర్ల పాత ప్రాసెసర్ ఉంటే ముందు దాని సంగతి చూడండి. కొత్త కార్డు పెట్టినా ఆ ప్రాసెసర్ దగ్గరే పని ఆగిపోతుంది, టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ వాడకం సగం దగ్గర ఊగుతుంటే అర్థం అదే. అప్పు చేసి కొనే పనైతే అసలే వద్దు.

సెకండ్‌హ్యాండ్ వైపు వెళ్ళేవాళ్ళు ఆర్‌ఎక్స్ 6600 గానీ, 3060 12 జీబీ గానీ చూడండి. 3060కి తర్వాత 8 జీబీ మోడల్ కూడా తీశారు, మెమరీ బస్ (మెమరీకి, చిప్‌కి మధ్య దారి వెడల్పు) 192 బిట్ నుంచి 128కి తగ్గించి, కాబట్టి జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి 12 జీబీ, 192 బిట్ రెండూ కనిపిస్తేనే డబ్బివ్వండి. పాత కార్డు బయోస్ (కార్డు లోపలుండే మూల సాఫ్ట్‌వేర్) మార్చి పెద్ద కార్డని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి అంకెలు చూసి ఊరుకోకుండా ఏదైనా బరువైన గేమ్ అరగంట ఎదురుగానే నడిపించమనండి. ఒప్పుకోకపోతే అక్కణ్ణుంచి వచ్చేయండి.