మనం అమర్చుకోవాలా, యంత్రం నేర్చుకోవాలా: ఏది మేలు?

ఫోనులో ఎవరికైనా ఫొటో పంపబోతే తెర మీద నాలుగైదు ముఖాల వరుస కనిపిస్తుంది. మనం తరచుగా మాట్లాడేవాళ్లను యంత్రమే ఏరి అక్కడ కూర్చోబెడుతుంది. నా ఫోనులో మొదటి స్థానం చాలాకాలం మా తమ్ముడిది. చూడకుండానే వేలు అటు వెళ్లేది. ఒకరోజు అలాగే వెళ్లింది. ఆ వారం పని ఒత్తిడిలో మా పై అధికారితో సందేశాలు ఎక్కువగా నడవడంతో ఆ స్థానంలోకి ఆయన వచ్చేశారు. తమ్ముణ్ని ఆటపట్టించడానికి వెతికిన కోతి బొమ్మ తిన్నగా ఆయనకు చేరింది. యంత్రం లెక్క తప్పలేదు, ఆ వారం నేను ఎక్కువగా మాట్లాడింది ఆయనతోనే. నా వేలే పాత లెక్కలో ఉండిపోయింది.

సమాచార వ్యవస్థను మనిషికి తగ్గట్టు మలచడానికి ప్రధానంగా మూడు దారులు. సెట్టింగుల్లోకి వెళ్లి మనమే అమర్చుకోవడం ఒకటి. మనల్ని ఒక మూసలో వేసి, ఆ మూసకు నప్పేవి చూపించడం ఇంకొకటి. మన నడవడిని గమనిస్తూ మెషిన్ లెర్నింగ్ తనంతట తానే నేర్చుకోవడం మూడోది.

మూసల సంగతి త్వరగా తేల్చేయవచ్చు. 1979లో కంప్యూటర్ పరిశోధకురాలు ఎలైన్ రిచ్ 'గ్రండీ' అనే ప్రోగ్రాం గురించి రాశారు. మిమ్మల్ని మీరు నాలుగు మాటల్లో వర్ణించుకోమని అడిగి, వాటిని బట్టి నవలలు సూచించేది అది. కొత్త యాప్ తెరవగానే 'మీకు నచ్చిన అంశాలు ఎంచుకోండి' అనే పలకరింపు ఆ వంశంలోదే. మన గురించి ఏమీ తెలియని మొదటి రోజున ఇంతకంటే మంచి ఉపాయం లేదు. నెల తర్వాత కూడా అదే మూసలో ఉంచితే మాత్రం విసుగు పుడుతుంది.

అసలు పోటీ మిగతా రెండింటికే.

2004లో లియా ఫిండ్లేటర్, జొయానా మెక్‌గ్రెనెర్ అనే పరిశోధకులు 27 మందితో ఒక ప్రయోగం చేశారు. మూడు రకాల మెనూలు ఇచ్చారు. ఒకదానిలో పై నాలుగు ఆదేశాలు కదలవు. ఒకదానిలో వాడేవాళ్లే వాటిని మార్చుకోవచ్చు. మరొకదానిలో వాడకాన్ని బట్టి యంత్రమే మారుస్తుంది. యంత్రం మార్చే మెనూ కంటే కదలని మెనూతోనే పని వేగంగా సాగింది. ఎక్కువమంది ఇష్టపడింది తాము మార్చుకునే మెనూను. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో అరుదుగా వాడే ఆదేశాలను దాచేసే మెనూలు వచ్చినప్పుడు, కావలసింది ఎక్కడికి పోయిందో వెతుక్కున్నవాళ్లకు ఈ ఫలితం వింతగా తోచదు. చేతికి అలవాటైన చోటును కదిపితే, యంత్రం మిగిల్చిన ఒక క్షణానికి మనం రెండు క్షణాలు చెల్లిస్తాం.

ఇప్పుడు మెయిల్ పెట్టె తెరవండి. ఇక్కడ కథ తిరగబడుతుంది. చెత్త మెయిళ్లను ఆపడానికి ఎవరికి వారు నియమాలు రాసుకోవడం మొదలుపెడితే ఆ పనికి అంతుండదు. ఒక పదాన్ని అడ్డుకుంటే పంపేవాళ్లు దాని మధ్యలో ఒక చుక్క పెట్టి మళ్లీ పంపుతారు. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ చెప్పిన ఉపాయం వేరు. ఏ పదం చెత్తలో ఎంత తరచుగా వస్తుందో, మంచి మెయిళ్లలో ఎంత తరచుగా వస్తుందో లెక్కకట్టి నిర్ణయించాలి, ఆ లెక్క కూడా ప్రతి మనిషికీ విడిగా ఉండాలి. అప్పులిచ్చే సంస్థ ఉద్యోగికి 'రుణం' రోజూ కనిపించే మాట, నాకు చెత్తకు గుర్తు. ఈ తేడాను సెట్టింగుల్లో ఎవరు రాయగలరు? పైగా ప్రతి మెయిలూ కొత్తదే కాబట్టి చేతికి అలవాటు తప్పే ప్రసక్తి లేదు.

వార్తలు, వీడియోల విషయంలోనూ నా ఓటు యంత్రానికే, కాస్త గొణుక్కుంటూ. మా ఇంట్లో ఒకరికి మోకాలి శస్త్రచికిత్స జరిగినప్పుడు వారం పాటు దాని గురించే చదివాను. ఆవిడ లేచి చకచకా నడుస్తున్నా నా ఫోనులో మోకాళ్ల వ్యాసాలు ఆగలేదు. అభిరుచి మారిందని యంత్రానికి తెలియాలంటే అది పాతదాన్ని మరిచిపోవాలి. వారానికి సగం చొప్పున పాత క్లిక్కుల బరువు తగ్గిస్తే నాలుగు వారాలకు పదహారో వంతే మిగులుతుంది, మోకాళ్ల బెడద తీరుతుంది. కానీ ఏడాదికోసారి మాత్రమే వెతికే పన్నుల సంగతులు కూడా అదే చీపురుతో ఊడ్చుకుపోతాయి. 1999లో డేనియల్ బిల్సస్, మైకేల్ పజ్జాని వార్తల కోసం చేసిన వ్యవస్థలో దీనికి రెండు జ్ఞాపకాలు పెట్టారు: ఇటీవలి ఆసక్తికి ఒకటి, స్థిరమైన అభిరుచికి ఒకటి. ఇప్పటికే విన్నదానికి మరీ దగ్గరగా ఉన్న వార్తను 'ఇది తెలిసిందే' అని పక్కన పెట్టే తెలివి కూడా దానికి ఉండేది. అదొక్కటి నేటి యాప్‌లన్నీ నేర్చుకుంటే ఎంత బాగుండునో.

ఇంకో చిక్కు ఉంది. నేను తెరవని వార్త నచ్చనిదా, కంటపడనిదా? క్లిక్ చేసి రెండు క్షణాల్లో వెనక్కి వచ్చానంటే, ఊరించే శీర్షిక నన్ను మోసం చేసిందన్నమాట. దాన్ని ఇష్టంగా రాసుకునే యంత్రం నాకు మరిన్ని మోసాలు వడ్డిస్తుంది. 'చెత్త' అని చెప్పే బొత్తాం ఉండబట్టే మెయిల్ వడపోత అంత బాగా పనిచేస్తుంది. వార్తల యాప్‌లో 'ఇలాంటివి వద్దు' అనే బొత్తాం మూడు చుక్కల వెనక దాగి ఉంటుంది.

నేర్చుకోవడంలోనూ రెండు పద్ధతులున్నాయి. నేను చదివినవాటిని పోలినవి వెతకడం ఒకటి, నాలాంటి పాఠకులు మెచ్చినవి తెచ్చివ్వడం ఒకటి. పాఠకుల రేటింగులను బట్టి వార్తలు సూచించిన 1994 నాటి గ్రూప్‌లెన్స్ వ్యవస్థ రెండో బాటలోనిది. నేను ఊహించని మంచి వ్యాసం దొరికేది ఎక్కువగా ఈ బాటలోనే. దీని ఖరీదు పదిమంది సమాచారం ఒకచోట చేరడం. 2006లో నెట్‌ఫ్లిక్స్, సినిమాలను ఇంకా బాగా సూచించే పద్ధతి కోసం పెట్టిన పది లక్షల డాలర్ల పోటీకి పది కోట్లకు పైగా రేటింగులను పేర్లు తీసేసి బయటపెట్టింది. వాటిలో కొందరిని ఇతర చోట్ల దొరికిన రేటింగులతో పోల్చి గుర్తుపట్టవచ్చని అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనే పరిశోధకులు చూపించారు. పేరు చెరిపినంత మాత్రాన మనిషి చెరిగిపోడు. ఆరోగ్యం, డబ్బు విషయాల్లో నేనైతే మొదటి పద్ధతితోనే సరిపెట్టుకుంటాను, అదీ లెక్క నా ఫోను దాటి పోకపోతేనే.

కోతి బొమ్మ సంగతికి వస్తే, ఆయన ఏమీ అనలేదు, బదులుగా ఇంకో కోతిని పంపారు. ఆ సాయంత్రమే ముఖాల వరుసను సెట్టింగుల్లో తీసేశాను. ఇప్పుడు తమ్ముడి పేరు వెతుక్కుని పంపుతున్నాను, రెండు తాకుళ్లు ఎక్కువ. మెయిల్ వడపోతను మాత్రం ముట్టుకోలేదు.