వంటింటికి విడిగా ఆర్‌సీసీబీ: కొన్నేళ్లు వాడాక

ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎర్తుకు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్చి. ఇల్లంతటికీ కలిపి అది ఒకటి చాలదా అనేవాళ్లు చాలామందే ఉన్నారు. వంటింటి ప్లగ్గులకు విడిగా పెట్టించిన 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వాడాక, అది ఎందుకు కావాలో చెప్పడానికి నాకు ఒక్క ఓవెను చాలు.

ఇండక్షన్ స్టవ్వు వేయగానే ఆర్‌సీసీబీ పడిపోయేది, అంటే ట్రిప్ అయ్యేది. మీట ఎత్తితే నిలబడుతుంది, స్టవ్వు మీద గిన్నె పెట్టగానే మళ్లీ టక్. ఎవరైనా స్టవ్వునే అనుమానిస్తారు. అసలు దొంగ పక్కన స్విచ్చి ఆఫ్‌లో ఉన్న ఓటీజీ (కేకులు, రొట్టెలు కాల్చే కరెంటు) ఓవెను. మామూలు ప్లగ్గు పక్కనుండే స్విచ్చి ఫేజును (కరెంటు వచ్చే తీగను) మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే తీగ) అలాగే ఓవెను లోపలిదాకా పోయి ఉంటుంది. హీటరు మొన దగ్గర న్యూట్రల్ వైరు తొడుగు వేడికి పెళుసెక్కి రాలిపోయి, లోపలి రాగి తీగ ఓవెను రేకుకు ఆనుకుంది. స్టవ్వు వేయగానే ఎనిమిది ఆంపియర్లకు పైగా న్యూట్రల్లో తిరిగొస్తుంది. అందులో కొంచెం ఓవెను రేకు మీదుగా ఎర్తింగులోకి జారుకుంటుంది. వెళ్లిన కరెంటుకీ వచ్చిన కరెంటుకీ తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరితే ఆర్‌సీసీబీ ఊరుకోదు.

కనిపెట్టే పద్ధతి ఇది. స్విచ్చులు ఆపితే సరిపోదు, ప్లగ్గులన్నీ పీకేయాలి. స్టవ్వు ఒక్కటే పెట్టి నడిపించాలి. అది నిలబడితే, నడుస్తుండగానే మిగతావి స్విచ్చి వేయకుండా ఒక్కో ప్లగ్గే గుచ్చాలి. దేనికి పడితే అదే. పీకేసిన ఓవెను ప్లగ్గుకు మల్టీమీటరు పెడితే న్యూట్రల్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య బీప్ వచ్చింది. రాకూడదు. వేడికి ఆగే ఫైబర్‌గ్లాసు తొడుగున్న వైరు వేసి, మొనకు లగ్గు (లోహపు తొడుగు) బిగించి నొక్కించాక గొడవ తీరింది. ఓవెనుకు ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ తెంపే డబుల్ పోల్ స్విచ్చి ఉండుంటే స్టవ్వుకు ఈ నింద తప్పేది.

ఇంటికంతటికీ ఒక్కటే ఉంటే ఈ వెతుకులాట గదిగదికీ సాగేది, ఫ్రిజ్జుతో సహా అంతా చీకటి. మాకు ఫ్రిజ్జుకు వేరే ఆర్‌సీబీఓ (లీకేజీకీ ఓవర్‌లోడుకీ రెంటికీ పడే స్విచ్చి) ఉంది కాబట్టి పాలు విరగలేదు.

రేటింగు దగ్గర పొదుపు వద్దు. ఆర్‌సీసీబీ కింద మూడు 16 ఆంపియర్ల ఎంసీబీలు (ఓవర్‌లోడుకు పడే స్విచ్చులు) ఉంటే మొత్తం 48 ఆంపియర్లు, కాబట్టి 25 గానీ 40 గానీ చాలదు, 63 ఆంపియర్లది వేయాలి. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుకు తనంతట తాను పడదు, వేడెక్కి పాడవుతుంది. ఇండక్షన్ స్టవ్వు, ఇన్వర్టర్ రకం ఫ్రిజ్జు లాంటి ఎలక్ట్రానిక్స్ ఉన్నచోట ‘AC’ టైపు ఆర్‌సీసీబీ కాకుండా ‘A’ టైపు అడిగి తీసుకోండి. పదహారు ఆంపియర్ల ప్లగ్గుకు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దాంతోపాటు ఎర్త్ వైరు.

ఇంత మెచ్చుకున్నాక చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. టెస్టు బటను నొక్కితే పడుతోంది కదా అని ఎర్తింగు బాగుందనుకోవద్దు. ఆ బటనుకు ఎర్తింగుతో పనే లేదు. ఎర్త్ వైరు తెగిపోయి ఉంటే, స్టీలు గ్రైండరు బాడీకి కరెంటు వచ్చినా ఆర్‌సీసీబీకి తెలియదు. ఎవరో ఒకరు ముట్టుకోవాలి, అప్పుడు పడుతుంది. జిల్లుమనడం మాత్రం తప్పదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషి దానికి మామూలు లోడే.

సొంతిల్లు, డీబీలో (స్విచ్చులన్నీ ఉండే పెట్టెలో) ఖాళీ, ఎర్త్ పిట్టు నీళ్లు పోసి చూసుకునే వీలు ఉండబట్టి మాకు ఇది కుదిరింది. పాత అపార్టుమెంట్లలో వంటింటి న్యూట్రల్‌ని హాలు న్యూట్రల్‌తో, ఒక్కోసారి ఇన్వర్టరుదాంతో కూడా కలిపేసి ఉంటారు. అక్కడ దీన్ని బిగిస్తే మొదటిరోజే పడుతూ ఉంటుంది, ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి డైరెక్టు ఇచ్చేస్తానంటాడు. ఒప్పుకోవద్దు. ముందు వంటింటి న్యూట్రల్‌ని విడదీయించి, ఆర్‌సీసీబీ కింద దానికంటూ వేరే న్యూట్రల్ లింకు (న్యూట్రల్ తీగలు కలిపే పట్టీ) పెట్టించండి. అది కుదరని ఇంట్లో దీని మీద డబ్బు పెట్టమని నేను గట్టిగా చెప్పలేను.