బోర్డో వైన్ యాత్ర: రుచిని మామూలు మాటల్లో రాయాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుపడ్డ బోర్డో చూసొచ్చినవాళ్లు ఇంగ్లిష్‌లో రాసే రివ్యూల్లో ఎక్కువగా కనిపించేది "వెరీ స్మూత్, వెరీ నైస్". అది చదివి సీసా కొనేవాడికి తెలిసేదేమీ లేదు. పులుపెంత, వగరెంత, నోట్లో బరువుగా ఉందా పల్చగా ఉందా, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది అన్నవి చెబితే చాలు. పండితుల పదాలు అక్కర్లేదు. ఆ తేడాలు నాలుకకు దొరికే చోటికే వెళ్లాలి.

నగరంలో 2016లో తెరిచిన వైన్ మ్యూజియం 'సితే దు వాన్'కి ట్రామ్ బి లైన్‌లో వెళ్లొచ్చు. ఎనిమిదో అంతస్తులో ఇచ్చే గ్లాసు వైన్ టికెట్‌లోనే కలిసి ఉంటుంది. చరిత్రకు బాగుంటుంది గానీ, పక్కన పోల్చుకోవడానికి రెండోది లేని ఒక్క గ్లాసుతో రుచి తెలియదు. పూట చాలు.

అసలు నేర్చుకునేది సెయింట్ ఎమిలియన్ అనే చిన్న ఊళ్లో. బోర్డో నుంచి రైల్లో ముప్పావుగంట లోపే. స్టేషన్ నుంచి ఊళ్లోకి 20 నిమిషాల నడక, చివర ఎత్తు. ఇక్కడ బంకమన్ను, సున్నపురాయి నేలలు, పంట ఎక్కువగా మెర్లో రకం ద్రాక్ష. ఆ వైన్‌ను పుక్కిట పట్టి చూడండి: ముందు పండిన ప్లమ్ పండు రుచి, వెనకాల చిగుళ్ల మీద సన్నటి వగరు. "రైప్ ప్లమ్, సాఫ్ట్, ఎ లిటిల్ డ్రై అట్ ది ఎండ్" అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మర్నాడు మెదోక్ అనే ద్రాక్షతోటల ప్రాంతంలో కాబెర్నే సోవిన్యాన్ రకం ద్రాక్ష ఎక్కువగా ఉన్న కొత్త వైన్ తాగితే, అదే వగరు చిగుళ్లను పట్టేసినట్టుంటుంది. ఈ రెండూ వెంటవెంటనే తాగినవారికి "స్మూత్" అన్న మాట ఎక్కడ వాడాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

మెదోక్‌తో చిక్కేమిటంటే వైన్ తయారుచేసే ఎస్టేట్లు డి2 రోడ్డు పొడవునా దూరదూరంగా ఉంటాయి. పేరున్నవాటికి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఆదివారాలు, సెప్టెంబర్‌లో కోతలప్పుడు చాలాచోట్ల రానివ్వరు. ఫ్రాన్స్‌లో డ్రైవర్ల రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములు దాటకూడదు. కాబట్టి డ్రైవర్ ఉన్న చిన్న వ్యాన్ టూరే మేలు. సెయింట్ ఎమిలియన్‌లో గదులు ఖరీదు. బస బోర్డో స్టేషన్ దగ్గరే పెట్టుకుంటే రెండు వైపులకూ రైలు దొరుకుతుంది.

రోజుకు రెండు ఎస్టేట్లకు మించొద్దు. వగరు పేరుకుపోయాక నాలుక మొద్దుబారి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఉమ్మడానికి పాత్ర పెడతారు, మొహమాటపడకుండా వాడండి. మధ్యలో ఉత్త బ్రెడ్డు, నీళ్లు తీసుకోండి. సెంటు పూసుకోవద్దు, పుదీనా బిళ్లలు చప్పరించొద్దు. రెడ్ వైన్ మరీ చల్లగా ఇస్తే వాసన అణిగి వగరు పెరుగుతుంది, గ్లాసును అరచేతుల్లో కాసేపు పట్టుకోండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ దోషం, అంటే బిరడా వల్ల వైన్ పాడైనట్టు. వేరే సీసా తెరవమని అడగొచ్చు.

సొటెర్న్ తీపి వైన్‌ను ఎప్పుడూ చివరికే ఉంచాలి. ముందే తాగితే తర్వాతి వైన్లన్నీ పుల్లగా తోస్తాయి, ఇక మీ నోట్సు నమ్మడానికి లేదు.