సముద్రపు గాలిలో బేస్ గిటార్ తీగలు: నానబెట్టినవి, పూత వేసినవి, ఫ్లాట్‌వౌండ్‌లు

విశాఖపట్నంలో ఉంటూ ఆదివారాలు చర్చిలోనూ, ముహూర్తాల కాలంలో రిసెప్షన్ వేదికల మీదా బేస్ వాయిస్తాను. బేస్‌కు ఉండేవి నాలుగు తీగలే అయినా, ఆ సెట్టు ధర మామూలు గిటార్ ఆరు తీగల సెట్టుకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. పైగా ఇక్కడి ఉప్పు గాలి, చెమట కలిస్తే కొత్త తీగ నాదంలోని మెరుపు వారాల్లోనే పోతుంది. అందువల్ల కొన్నేళ్లుగా తీగల ఆయుష్షు పెంచే మార్గాలను ఒకే వాద్యం మీద, ఒకే వేళ్లతో పోల్చి చూస్తూ వచ్చాను. నా ప్రధాన వాద్యం 34 అంగుళాల స్కేలు (తీగలో మోగే భాగం పొడవు) ఉన్న బేస్. దానికి వేసేది డడారియో కంపెనీ ఈఎక్స్‌ఎల్ 170 సెట్టు, అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 45, 65, 80, 100 మందాలు గల రౌండ్‌వౌండ్ తీగలు.

తీగ 'చచ్చిపోయింది' అని వాయించేవాళ్లు అనేదానికి కారణం తుప్పు ఒక్కటే కాదు. రౌండ్‌వౌండ్ తీగలో ఉక్కు నడుము (మధ్య తీగ) చుట్టూ గుండ్రని సన్నతీగను చుడతారు. ఆ చుట్ల నడుమ ఉండే సందుల్లోకి చర్మపు నూనె, చెమట, ధూళి చేరి చుట్లను ఒకదానికొకటి అతికిస్తాయి. అప్పుడు తీగ మూలస్వరం పలుకుతూనే ఉంటుంది కానీ, దానిపైన ఉండవలసిన అనుస్వరాలు, అంటే మూలస్వరంతో పాటే సన్నగా మోగే పైస్థాయి స్వరాలు, అణగిపోతాయి. లావు తీగ మూలస్వరం దాదాపు 41 హెర్ట్‌జ్; చిన్న వేదికల స్పీకర్లు అంత కిందిస్థాయిని సరిగా పలికించలేవు కాబట్టి, శ్రోతకు నిజంగా వినిపించేది 82, 123 హెర్ట్‌జ్‌ల దగ్గరా, ఆపైనా ఉండే అనుస్వరాలే. అవి పోయిన తీగతో ఎంత గట్టిగా వాయించినా, కీబోర్డు ఎడమచేతి స్వరాల కింద బేస్ వినిపించకుండా పోతుంది. సందులు ఎక్కువ లోతుగా ఉండే లావు తీగే ముందుగా దెబ్బతినడం కూడా ఇందువల్లనే.

ఖర్చు లేని పని ముందు చెప్పాలి. వాయించబోయే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, వాయించిన వెంటనే పొడి నూలుగుడ్డతో తీగలు తుడవడం అనే రెండు అలవాట్లు తీగ ఆయుష్షును నా అనుభవంలో ఇంచుమించు రెట్టింపు చేశాయి. గుడ్డను తీగ పైభాగాన ఒక్కసారి లాగితే చాలదు. కిందికి దూర్చి, తీగను గుడ్డతో చుట్టి పట్టుకుని నట్టు (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (కిందిచివర తీగలు బిగించే చోటు) దాకా లాగాలి. దీనికి మైక్రోఫైబర్ గుడ్డ కన్నా ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కే నాకు నచ్చింది. రిసెప్షన్లలో మాత్రం ఒక్క నియమం తప్పనిసరి: బిర్యానీ తిన్న చేతిని కాగితంతో తుడుచుకుని వేదిక ఎక్కేవారికి ఎంత ఖరీదైన తీగలు వేసినా ఉపయోగం లేదు. నూనె రాసిన స్పాంజి లాంటి ఉత్పత్తులు వేళ్లు సులువుగా జారడానికి పనికివస్తాయి, తుప్పును కూడా కొంత ఆపుతాయి. కానీ దుమ్ము ఎక్కువగా ఉండే వేదికల మీద ఆ నూనే ధూళిని పట్టి సందుల్లోకి చేరుస్తుంది కాబట్టి రౌండ్‌వౌండ్ తీగలకు వాటిని వాడను.

తీగలను నీళ్లలో మరిగించడం పాత పద్ధతి. మురికి వదులుతుంది, మెరుపు తిరిగి వస్తుంది, అయితే ఆ మెరుపు కొద్ది రోజుల్లోనే పోతుంది. చుట్లకూ నడుముకూ మధ్య చేరిన తడి పూర్తిగా ఆరదు. గాలిలోనే తేమ ఉన్న ఊళ్లో ఆ తడి లోపలి నుంచి తుప్పును మొదలుపెడుతుంది. తీరప్రాంతంలో ఉండేవారికి ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను.

ఆల్కహాల్‌లో నానబెట్టడం మాత్రం ఇప్పటికీ కొనసాగిస్తున్నాను. కావలసింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్‌ఫోన్లు, టీవీలు బాగుచేసేవారు సర్క్యూట్ బోర్డులు శుభ్రం చేయడానికి వాడేది ఇదే. 70 శాతం ద్రావణంలో మిగిలిన 30 శాతం నీరే కాబట్టి, మరిగించడంలో ఉన్న ఇబ్బంది ఇందులోనూ కొంత ఉంటుంది. తీగలు చుట్టలుగా కాక నిటారుగా మునగడానికి నాలుగు అడుగుల పీవీసీ పైపు కొని, ఒక చివర మూతను పైపులు అతికించే సొల్యూషన్‌తో శాశ్వతంగా అతికించి, రెండో చివర మరమూత పెట్టించాను. లోపలి వ్యాసం ఒక అంగుళం ఉన్న పైపుకు సుమారు 600 మిల్లీలీటర్లు సరిపోతాయి. తీగలను ముందుగా గుడ్డతో తుడిచి, ఒక రోజంతా అందులో ఉంచి, మధ్యలో ఒకటి రెండుసార్లు పైపును తలకిందులు చేస్తాను. బయటికి తీసేసరికి ద్రవం టీ డికాక్షన్ రంగుకు మారి ఉంటుంది. తీగలో అంత మురికి దాగి ఉంటుందని అప్పటిదాకా నమ్మబుద్ధి కాదు. ఆ తరువాత తీగలను ఫ్యాను గాలికి వేలాడదీసి, పూర్తిగా ఆరాక మళ్లీ గుడ్డతో లాగుతాను. మడ్డి అడుగుకు దిగాక పైతేటను వడకట్టుకుంటే అదే ద్రవం మరికొన్ని సార్లు పనికివస్తుంది.

ఫలితం సంతృప్తికరంగానే ఉంటుంది కానీ కొత్త తీగ వస్తుందని ఆశించకూడదు. మొదటిసారి నానబెట్టిన తరువాత స్లాప్ వాయింపుకు (బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతికి) తగినంత మెరుపు తిరిగి వచ్చి వారాల పాటు నిలుస్తుంది. రెండోసారికి అది కొంత తగ్గుతుంది. ఆ తరువాత నానబెట్టడం మురికిని వదిలిస్తుందే తప్ప నాదాన్ని పెద్దగా మార్చదు, ఎందుకంటే వాద్యం మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలైన ఫ్రెట్ల మీద ఒరిసి తీగ అడుగున పడిన గంట్లను, వంగి వంగి అలసిన ఉక్కును ఆల్కహాల్ ఏమీ చేయలేదు. తీసి వేసిన ప్రతిసారీ ట్యూనింగ్ కీ దగ్గరి మలుపులో తీగ బలహీనపడుతుంది కాబట్టి, పాత మలుపు సరిగ్గా పాత చోటే కూర్చునేలా చుట్టాలి. సన్నని 'జీ' తీగ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. తీగలన్నీ ఒక రోజు లేకపోతే మెడ వంపు కాస్త మారవచ్చు. అందుకని రెండు సెట్లు పెట్టుకుని, ఒకటి నానుతుండగా రెండోదాన్ని వాద్యానికి బిగిస్తాను. ఇక ఈ ద్రవం తేలికగా అంటుకుంటుంది, ఆవిరి తలనొప్పి తెప్పిస్తుంది. వంటగదిలో గాని, దీపం లేదా అగరబత్తి వెలిగే గదిలో గాని ఈ పని చేయరాదు, బాల్కనీ ఉత్తమం.

పూత వేసిన తీగల్లో రెండు రకాలున్నాయి. అమెరికాలోని గోర్ సంస్థ 1990లలో ప్రవేశపెట్టిన ఎలిక్సిర్ తీగల్లో, చుట్టడం పూర్తయ్యాక తీగ మొత్తం మీద పలుచని పాలిమర్ పొర వేస్తారు. కాబట్టి సందులే మూసుకుపోతాయి. మరికొన్ని సంస్థలు చుట్టే సన్నతీగకే ముందు పూత వేసి ఆ తరువాత చుడతాయి. అప్పుడు లోహానికి తుప్పు నుంచి రక్షణ ఉంటుంది కానీ సందుల్లో మురికి చేరడం ఆగదు. మొదటి రకం ధర పూత లేని సెట్టుకు ఇంచుమించు రెట్టింపు. ఆ ధరకు తగ్గట్టుగా తుప్పు కనిపించకుండా వర్షాకాలం దాటింది, నాదంలో మార్పు చాలా నెమ్మదిగా వచ్చింది. మొదటి రోజు మెరుపు మాత్రం పూత లేని కొత్త తీగకన్నా ఒక పిసరు తక్కువ, వేళ్ల కింద కాస్త జారుడు ఎక్కువ. పేరు చెప్పనవసరం లేని మరో కంపెనీ సెట్టులో పిక్ (మీటడానికి వాడే చిన్న బిళ్ల) తగిలే చోట పొర పీచుపీచుగా లేచింది. వేళ్లతో వాయించినప్పుడు ఆ సమస్య లేదు. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే వాయించి, వాద్యాన్ని స్టాండు మీదే వదిలేసేవారికి పూత తీగలే మంచివని నా అభిప్రాయం. రోజూ గంటల తరబడి వాయించేవారి తీగలు మురికికన్నా ముందు ఫ్రెట్ల ఒరిపిడికే అరుగుతాయి. వారికి అదనపు ధర గిట్టదు.

అసలు మెరుపే అక్కరలేని పాటలకు ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకుంటే ఈ శ్రమంతా తప్పుతుంది. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పుడు దానికి ఉన్నవి ఇవే. పియానో లాంటి మెరుపు గల రౌండ్‌వౌండ్ తీగలు 1960లలో ఇంగ్లండ్‌లో రోటోసౌండ్ సంస్థ ద్వారా, ద హూ బృందంలోని జాన్ ఎంట్విసిల్ వాయింపుతో ప్రచారంలోకి వచ్చాయి. ఫ్లాట్‌వౌండ్‌లో చుట్టేది బల్లపరుపు లోహపు పట్టీ కాబట్టి మురికి దూరడానికి చోటు దాదాపు లేదు. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన లాబెల్లా ఫ్లాట్‌వౌండ్ తీగలను తెగితే తప్ప మార్చేవారు కాదని ప్రసిద్ధి. నా రెండో బేస్‌కు వేసిన డడారియో క్రోమ్స్ సెట్టు మొదట కొంత కరకుగా పలికి, ఆ తరువాత మెత్తబడి, ఆ మెత్తదనంలోనే స్థిరపడింది; ఎనభైల నాటి తెలుగు పాటలకు, నెమ్మదైన ఆరాధన గీతాలకు అంతకన్నా తగిన నాదం నాకు దొరకలేదు. స్లాప్‌కు మాత్రం పనికిరాదు. బిగువు ఎక్కువ కావడం వల్ల మెడలోని ట్రస్ రాడ్‌ను (మెడ వంపును సరిచేసే కడ్డీని) కొద్దిగా సవరించవలసి వచ్చింది.

కొత్త తీగను పాడుచేసే పని ఒకటి అంగట్లోనే జరుగుతుంటుంది: పొడవు ఎక్కువైందని తీగను నిటారుగా ఉండగానే కత్తిరిస్తే, చుట్లు నడుము మీద వదులై, ముఖ్యంగా గుండ్రని నడుము ఉన్న రకాల్లో, తీగ మొదటి రోజే మూగబోవచ్చు. ముందు తొంభై డిగ్రీలకు వంచి, ఆ వంపు తరువాతే కత్తిరించమని చెప్పాలి.

తీగను ఎప్పుడు పారేయాలో చెవికన్నా ట్యూనర్ ఖచ్చితంగా చెబుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తేలికగా తాకి మీటినప్పుడు పలికే హార్మోనిక్‌నూ, అదే ఫ్రెట్‌ను నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చి చూడాలి. బ్రిడ్జిలోని శాడిల్‌ను (తీగ ఆనే చిన్న ముక్కను) ఎంత జరిపినా రెండూ కలవకపోతే, తీగ బరువు పొడవునా సమానంగా లేదని అర్థం. నానబెట్టి చూసినా తేడా తగ్గకపోతే ఆ తీగకు సెలవివ్వాలి. నాలుగింటిలో లావు తీగ ఈ స్థితికి ముందుగా వస్తుంది కాబట్టి, విడి తీగలు అమ్మే చోట దాన్ని ఒక్కదాన్నే కొని, మిగిలిన మూడింటినీ మరికొంత కాలం వాడుకుంటున్నాను. కొత్తది మిగతావాటికన్నా మొదటి వారం కాస్త ఎక్కువగా మోగుతుంది, ఆంప్లిఫయర్‌లో ట్రెబుల్ కొంచెం తగ్గిస్తే సరిపోతుంది.