రాయి దొరకని నేలలో లోహం జాడ: డెల్టాలో మూడు రోజులు

గోదావరి డెల్టాలో ఎంత లోతు తవ్వినా ఒండ్రూ ఇసుకే. కోనసీమలో ఇంటి పునాదికి రాయి కావాలన్నా లారీలో రావాల్సిందే. అలాంటి నేలలో ఇనుప చిట్టెం (ఇనుము తీసేటప్పుడు మిగిలే మడ్డి) ముక్క ఒకటి కనబడిందంటే, ఆ ఇనుము ఎక్కడో పుట్టి, ఎవరి చేతి మీదుగానో ఇక్కడికి చేరిందన్నమాట. తవ్వకాల్లో బయటపడే పాత కొలిముల గురించి చదివినప్పటి నుంచీ నాకు ఇదే ధ్యాస. సంక్రాంతి రద్దీ తగ్గాక నేనూ, మా తమ్ముడూ బయల్దేరాం.

మొదటి మజిలీ రాజమండ్రి. రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం 1967లో పెట్టారు. శిల్పాలు, తాళపత్రాలు, కుండలు, నాణేలు ఉన్నాయి. తీరిగ్గా చూస్తే రెండు గంటలు పడుతుంది. నేను నాణేల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. కోస్తాలో దొరికే శాతవాహన నాణేల్లో సీసంవి ఎక్కువ. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, వంటపొయ్యి చాలు. రాగికి 1085 డిగ్రీలు కావాలి. అంటే తిత్తులు ఊదే మనిషీ, బొగ్గూ, వేడికి పగలని మూసా (లోహం కరిగించే మట్టిపాత్ర) ఉండాలి. తూర్పు చాళుక్యుల రాగి శాసనాలను నేను ఇంతకాలం దానాల పత్రాలుగానే చూశాను. నన్నయకు తోడ్పడిన నారాయణభట్టుకు రాజరాజ నరేంద్రుడు నందంపూడిని దానమిచ్చింది కూడా రాగిరేకుల మీదే. ఆ రేకుల్ని సాగగొట్టి, కడియం గుచ్చి, వరాహం, ‘త్రిభువనాంకుశ’ అనే అక్షరాలు ఉన్న ముద్ర పోసినవాడు ఎవరో ఏ శాసనమూ నాకు చెప్పలేదు.

రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్ళు రాలేదు, రాత్రంతా జనరేటర్ మోత. కాస్త ఎక్కువైనా గట్టు వైపు గది తీసుకోండి. పొద్దున్నే నది కనబడితే ఆ రోజే వేరు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కూడా చూశాం. ఆనకట్ట మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి మంచిది, మా పనికి మాత్రం అరగంట చాలు.

రెండో రోజు అజ్జరం. పెరవలి దగ్గర ఊరు, ఇత్తడి సామాన్లకు పేరు. బస్సులో పెరవలిలో దిగి ఆటో కట్టించుకున్నాం. ఈ యాత్రలో ఒక్కటే చూడగలిగితే అజ్జరమే చూడమంటాను. అయితే కొట్ల ముందు ఆగి బిందెలు బేరమాడి వచ్చేయకండి. వెనక పని జరిగే చోటు చూడనివ్వమని అడగండి. మమ్మల్ని ఒక పెద్దాయన లోపలికి పిలిచారు. మూసలో ఇత్తడి కరుగుతోంది. పైన నల్లటి మీగడలా తెట్టె కట్టింది. ఆయన దాన్ని గరిటెతో పక్కకి తీసి, బకెట్లో పోశారు.

“అది పారేస్తారా అండీ?” అన్నాను.

“ఎందుకు పారేత్తామండి? ఆయ్, ఇందులో ఇంకా ఇత్తడుంటదండి. దంచి, కడిగి, మళ్ళీ కరగేత్తాం.”

ఆ మాటతో నా సందేహం ఒకటి తీరింది. రాగి, కంచు, ఇత్తడి ఖరీదైనవి, పాత గిన్నె కూడా మళ్ళీ మూసలోకే పోతుంది. అందుకే కంచరి పని జరిగిన చోట తవ్వేవాళ్ళకి మిగిలేది చాలాసార్లు పగిలిన మూస పెంకులూ, ఎర్రగా కాలిన మట్టీనే. ఇనుము కథ వేరు. పాతకాలపు బట్టీలో ఇనుము నీరుగా కరిగేది కాదు, స్పాంజిలాంటి ముద్దగా మిగిలేది. కరిగి కారేది చిట్టెం. అది ఎవరికీ పనికిరాదు కాబట్టి కుప్పలుగా వేల ఏళ్ళు నిలుస్తుంది. గోదావరి ఎగువన పెద్దబంకూరులో శాతవాహన కాలపు కొలిమి బయటపడిందీ, నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు దూరదేశాలకు పోయిందీ పుస్తకాల్లో చదివాను. ఏ మ్యూజియంలోనైనా కత్తి పక్కనే ఇలాంటి చిట్టెం గడ్డ ఒకటి పెడితే చూసేవాళ్ళకి ఎంత అర్థమవుతుందో!

ఆ రాత్రి రాజోలు వైపు ఒక పెంకుటింట్లో హోమ్‌స్టే. కొబ్బరితోట మధ్యలో ఇల్లు, పనసపొట్టు కూర, గట్టి పెరుగు. ఇంటావిడ “మళ్ళీ అన్నం పెట్టుకోండమ్మా” అంటూనే ఉన్నారు. రెండు రోజులుంటే బాగుండేది. చీకటి పడ్డాక ఆటోలు దొరకవు, అదొక్కటీ ముందే చూసుకోండి.

పొద్దున ఆదుర్రు వెళ్ళాం, గోదావరి పాయ వైనతేయ ఒడ్డున. ఊళ్ళో బౌద్ధస్తూపం ఎక్కడని అడిగితే తికమక పడతారు, దుబరాజు గుడి అనండి. పెద్ద పెద్ద ఇటుకలతో కట్టిన గుండ్రటి పునాది, చుట్టూ కొబ్బరిచెట్లు. గైడు ఎవరూ ఉండరు, నీళ్ళు మీరే తీసుకెళ్ళండి. నేల మీద చిన్న పెంకు కనబడినా తీయకండి. అది చట్టం రక్షించే స్థలం. పైగా వస్తువు చోటు మారితే దాని సాక్ష్యం సగం పోతుంది.

అక్కణ్ణించి సఖినేటిపల్లి వచ్చి, నది దాటించే పంటు ఎక్కి నరసాపురం చేరాం. పంటు నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే చించినాడ వంతెన చుట్టు తిరగాలి. 1670ల ప్రాంతంలో ఇక్కడికొచ్చిన ఇంగ్లీషు నావికుడు థామస్ బౌరీ ఈ రేవుల్లో ఓడలు కట్టడాన్నీ, ఇక్కడి కమ్మరులు మేకులూ బోల్టులూ లంగర్లూ చేసే నేర్పునీ మెచ్చుకున్నాడు. ఇప్పుడు నరసాపురం వైపు పంటు ఆగే మాధవాయిపాలెం రేవులో అవేమీ కనిపించవు. చూడ్డానికే అయితే ఇంత దూరం రానక్కర్లేదు. నేను మాత్రం పంటు రేవుకి తగిలేదాకా ఆ ఒడ్డునే చూస్తూ ఉండిపోయాను.

తిరుగుదారిలో రోడ్డు పక్క ఒక కమ్మరి కొలిమి కనబడి ఆటో ఆపించాం. ఆయన కొడవళ్ళకి పదును పెడుతున్నారు. ఎర్రటి ఇనుము మీద సమ్మెట పడ్డప్పుడల్లా సన్నటి పొట్టు ఎగిరి దాగలి (కింద ఉండే ఇనుప దిమ్మ) చుట్టూ రాలుతోంది. తవ్వకాల్లో కమ్మరి ఎక్కడ నిలబడి పనిచేశాడో తేల్చడానికి మట్టిలో అయస్కాంతంతో వెతికేది ఈ పొట్టునే. మా తమ్ముడు దీనికోసమే పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి తెచ్చాడు. ఆయన్ని అడిగి, దానికి కాగితం చుట్టి దాగలి పక్క మట్టి మీద మెల్లగా తిప్పాడు. పైకి తీసేసరికి కాగితం నిండా చేప పొలుసుల్లాంటి బూడిదరంగు రేకులు. దాగలికి రెండడుగుల దూరంలో మళ్ళీ తిప్పాడు, నాలుగైదే అంటుకున్నాయి. గుమ్మం దగ్గర ఒక్కటీ లేదు.