యాంగ్జైటీకి పార్సిల్‌లో వచ్చే లేబుల్ లేని క్యాప్సూల్స్‌తో జాగ్రత్త

ముందుగా ఒక మాట. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పటికే అలాంటి క్యాప్సూల్స్ వాడుతుంటే, భయపడి ఈ రాత్రికే డబ్బా చెత్తబుట్టలో పడేయకండి. ఎందుకో కింద చెప్తాను. ఆ డబ్బా పట్టుకుని వీలైనంత త్వరగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నేను కొన్నది “90 రోజుల యాంగ్జైటీ విముక్తి కోర్సు”. నెలకో డబ్బా క్యాప్సూల్స్, పాలలో కలుపుకునే ఒక పొడి, వారానికోసారి ఫోన్‌లో “థెరపీ”. అన్నీ కలిపి 14,500 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అయినా ఇలాంటివాళ్లు రేపు బోర్డు మార్చి ఇంకో పేరుతో వస్తారు. వాళ్లు అమ్మే పద్ధతి గుర్తుపెట్టుకుంటే చాలు.

నాకది మొదటిసారి వచ్చింది మెట్రోలో. రోజూ కూకట్‌పల్లిలో ఎక్కి పంజాగుట్టలో దిగుతాను. ఆ రోజు భరత్‌నగర్ దాటగానే గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. చెమటలు పట్టాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఎంత పీల్చినా ఊపిరి అందలేదు. మా నాన్నకు స్టెంట్ వేశారు కాబట్టి మనసు నేరుగా గుండెపోటు మీదికే పోయింది. తర్వాతి స్టేషన్‌లో దిగి బెంచీ మీద కూలబడ్డాను. పది పదిహేను నిమిషాలకు ఆ ఉధృతి తగ్గింది. ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. “గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ తగ్గించుకోండి” అని పంపేశారు. గుండెకేమీ లేదన్నారు సరే, మరి ఆ వచ్చిందేమిటి? అది ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అమ్మ దిష్టి తీసింది. నేను ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాను.

మానసిక వైద్యుడి దగ్గరికి ఎందుకు పోలేదని మీరు అడగొచ్చు. సిగ్గు. నేను దిగి కూలబడ్డ ఆ స్టేషన్ పేరు ఎర్రగడ్డ. ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది అక్కడే. హైదరాబాద్‌లో ఆ పేరు ఎలా వాడతారో తెలిసిందే. ఆఫీసులో ఎవడైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే “వీణ్ని ఎర్రగడ్డలో చేర్చాలిరా” అని నవ్వేవాళ్లలో నేనూ ఒకణ్ని. అలాంటివాణ్ని వెళ్లి అక్కడ ఓపీ చీటీ రాయించుకుంటానా?

ఈలోగా ఫోన్‌లో ప్రకటన వచ్చింది. “ఇంగ్లీషు మందులు అలవాటైపోతాయి, జీవితాంతం మింగాలి. మా మూలికలు జబ్బును వేళ్లతో సహా పెకిలిస్తాయి. సైడ్ ఎఫెక్ట్స్ సున్నా.” రాత్రి పదకొండింటికి ఫారం నింపితే పది నిమిషాల్లో ఫోన్. అవతలివాడు “అన్నా, మీ బాధ నాకు తెలుసు, నేనూ పడ్డా” అన్నాడు. అంతవరకు నన్ను అలా పలకరించినవాళ్లు ఎవరూ లేరు, నిజం చెప్పాలి. ఆ రాత్రి పన్నెండు దాటితే ఆఫర్ ఉండదన్నాడు. కట్టేశాను. మర్నాటి నుంచి “అన్నా” పోయి “సర్” వచ్చింది.

మొదటి క్యాప్సూల్ వేసుకున్న అరగంటకే భుజాలు వదులయ్యాయి. ఎన్నాళ్ల తర్వాతో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. వారం తిరిగేసరికి కనిపించినవాళ్లందరికీ చెప్పాను, వాళ్ల పేజీలో ఐదు నక్షత్రాల రివ్యూ కూడా రాశాను. పగలు కాస్త మత్తుగా ఉండేది, చెప్పిన మాట మర్చిపోయేవాణ్ని. బాగా నిద్రపోతున్నాను కదా, అందుకేననుకున్నాను. ఆ మత్తులోనే బండి నడిపాను. ఒక దావత్‌లో రెండు పెగ్గులు కూడా తాగాను. ఆ క్యాప్సూల్, మద్యం కలిస్తే ఊపిరి మందగిస్తుందని, ప్రాణానికే ముప్పని తర్వాత తెలిసింది.

మూడో నెల డబ్బా నాలుగు రోజులు ఆలస్యమైంది. రెండో రాత్రి నుంచి కన్ను మూతపడలేదు. లైటు చూడలేను, మిక్సీ శబ్దం వింటే పారిపోవాలనిపిస్తుంది, చేతిలో టీ గ్లాసు నిలవదు. మెట్రోలో వచ్చిన భయం దీని ముందు దిగదుడుపే. ఫోన్ చేస్తే “సర్, ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, మంచి సూచన. స్ట్రాంగ్ కోర్సుకి మారండి, 9,000 అవుతుంది” అన్నారు. తిట్టుకోండి, అదీ కట్టాను.

నన్ను కాపాడింది మా మేనమామ. కామారెడ్డి దగ్గర పల్లె నుంచి ఏదో పని మీద వచ్చి, నా చేతులు చూసి “ఏంది అల్లుడా, కల్లు దొరకనోని లెక్క వణుకుతున్నవ్?” అన్నాడు. అందరం నవ్వాం. రాత్రి మాత్రం ఆ మాట బుర్రలోంచి పోలేదు. మా వైపు కల్తీ కల్లు సంగతి పిల్లల్ని అడిగినా చెప్తారు. చెట్టు కల్లు చాలక నీళ్లలో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి అమ్ముతారు. దాడులు జరిగి కల్లు బంద్ అయినప్పుడల్లా తాగేవాళ్లు వణుకుతారు, లేనిపోనివి కనిపిస్తున్నాయంటారు, కొందరికి ఫిట్స్ వస్తాయి. నేను కల్లు ముట్టి పదేళ్లయింది. మరి నాకెందుకు ఆ వణుకు?

మర్నాడు అదే స్టేషన్‌లో దిగి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీకి వెళ్లాను. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: “మొదటి క్యాప్సూల్‌కే తగ్గిందా? ఎంతసేపటికి?” అరగంటలో అని గొప్పగా చెప్పాను. ఆవిడ డబ్బా తిప్పి చూశారు. లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, అందులో ఏమున్నాయో జాబితా లేదు, గడువు తేదీ లేదు. మూత్ర పరీక్ష రాశారు. బెంజోడయాజిపైన్ పాజిటివ్ వచ్చింది. ఆల్ప్రజోలం, క్లోనజిపాం, డైజిపాం అన్నీ ఆ జాతివే. నేను వేరే మాత్ర ఏదీ వేసుకోలేదు. క్యాప్సూల్‌లో ఏముందో తేల్చాల్సింది ఔషధ నియంత్రణ శాఖవాళ్లు, డబ్బా వాళ్లకు ఇచ్చి వచ్చాను.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. ఈ జాతి మందులు చెడ్డవని కాదు. అత్యవసరంలో, కొద్ది రోజులకు డాక్టర్లే రాస్తారు, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు దాటనివ్వరు. రోజూ వేసుకుంటే మెదడు వాటికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా ఆపితే అణిగి ఉన్నదంతా రెట్టింపై లేస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. డబ్బా పారేయొద్దని మొదట్లోనే అన్నది ఇందుకే. నాకు అదే జాతిలో ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందు ఇచ్చి, కొన్ని వారాల పాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పించారు. మన దేశంలో ఆల్ప్రజోలం, డైజిపాం షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే మందుల షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి. “అలవాటైపోతాయి” అని నన్ను భయపెట్టి వాళ్లు నాకు మింగించింది, అలవాటయ్యే మందుల్లో మొదటి వరసలోనిది!

నాకున్నది పానిక్ డిజార్డర్ అట. మెట్రోలో వచ్చింది పానిక్ అటాక్. అది ఒకసారి వచ్చి పోతే జబ్బనరు. మళ్లీ మళ్లీ వచ్చి, ఇంకోసారి వస్తుందేమోనని నెలకు పైగా బెదురుతూ, మెట్రో మానేసి, లిఫ్ట్ మానేసి, ఒంటరిగా బయటికి పోవడం మానేస్తే అది జబ్బు. ప్రతి చిన్నదానికీ ఆరు నెలలకు పైగా ఆగకుండా దిగులుపడేది వేరు, దాన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ అంటారు. నలుగురిలో మాట్లాడాలంటే ప్రాణం పోయేంత భయం ఇంకో రకం. ఎవరిది ఏదో తేల్చకుండా అందరికీ ఒకే డబ్బా పంపేవాడు ఏం వైద్యం చేస్తున్నట్టు? నాకు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించారు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే గుండెదడ, వణుకు వస్తాయట. 14,500 తీసుకున్నవాళ్లు ఆ మాటే ఎత్తలేదు.

తర్వాత ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టారు. ఇది ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే జాతి మందు. దీనికీ ఆ క్యాప్సూల్‌కీ పోలికే లేదు. మొదటి పది రోజులు ఏమీ తగ్గకపోగా కడుపులో తిప్పడం, కాస్త ఎక్కువ కంగారు. అలా ఉండొచ్చని, తట్టుకోలేకపోతే రమ్మని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. నాలుగో వారం దాటాక ఒక రోజు సాయంత్రం గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి గుండె సంగతి ఆలోచించనే లేదని. తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది వాడి, మెల్లగా ఆపుతారట. జనరిక్ దొరుకుతుంది, ఖర్చు పెద్దగా లేదు. (నేను వాడుతున్నానని మీరు కొనుక్కోకండి, మళ్లీ అదే తప్పు అవుతుంది.)

అసలు మలుపు మాత్రం సీబీటీతో (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చే చికిత్స) వచ్చింది. ఫోన్ థెరపిస్ట్ మూడు నెలలు నాతో కళ్లు మూసుకుని సముద్రం ఊహించుకోమంది. ఇక్కడి క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నచోటే పరుగెత్తించారు! గుండె దడదడలాడించి, “ఇప్పుడు ఏమైంది? పోయావా?” అని అడిగారు. స్ట్రాతో ఊపిరి పీల్చమన్నారు, కుర్చీలో గిరగిరా తిప్పారు. గుండె వేగంగా కొట్టుకుంటే ప్రమాదమని నా బుర్ర ఒకటే లెక్క వేసుకుని కూర్చుంది. దడ పుడితే భయం, భయం వల్ల ఇంకా దడ. ఆ ముడి మాటలతో విడదు, చేసి చూస్తేనే విడుతుంది. తర్వాత మెట్రో. మొదట ప్లాట్‌ఫాం మీద ఊరికే నిలబడి రావడం. తర్వాత ఒక్క స్టేషన్. తర్వాత రద్దీలో అమీర్‌పేట దాకా. మధ్యలో భయం వచ్చినా దిగకూడదు, దానంతటది తగ్గేదాకా నిలబడాలి. మూసాపేట దగ్గర నేను కమ్మీ పట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డ రోజులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పూర్తిగా పోయిందని చెప్పను. కిందటి నెలలో ఒకసారి వచ్చింది, నేను దిగలేదు.

ఇక కొనేముందు చూసుకోవాల్సినవి. ఆయుర్వేదం మీద నాకు పగ లేదు, మా ఇంట్లో వాడతాం. లైసెన్స్ ఉన్న ఆయుర్వేద మందు డబ్బా మీద కూడా లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, పదార్థాల పేర్లు ఉంటాయి. తెల్ల డబ్బా మీద ఒక్క స్టిక్కర్ ఉంటే తీసుకోకండి. ఫోన్‌లో “థెరపిస్ట్” అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు అది తప్పనిసరి. నేను ఆఖర్లో అడిగితే “మీకు నమ్మకం లేకపోతే జబ్బు తగ్గదు సర్” అని ఫోన్ పెట్టేసింది. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలిమానస్ 14416కి చేయండి, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. విశాఖవాళ్లకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది.

డబ్బు సంగతి: విప్పిన డబ్బాలు వాపసు తీసుకునేది లేదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాక కంపెనీ నుంచి ఒక ఫోన్ వచ్చింది. ఫిర్యాదు తీసేస్తే 4,000 ఇస్తారట. తీయలేదు.

ఇంకొకటి మిగిలింది. వాళ్ల పేజీలో నా రివ్యూ తీసేయమని మూడుసార్లు రాశాను, ఇంకా పైనే ఉంది. “మొదటి క్యాప్సూల్‌కే అరగంటలో నిద్ర పట్టింది” అని ఉంటుంది, ఐదు నక్షత్రాలతో. అది చూసి కొనకండి, అది రాసింది నేనే.